61 ఏళ్ల వయసులో స్పోర్ట్ టూరింగ్ బండి: రాయగడలో ఉండేవాడికి ఏది నప్పుతుంది?

నాగావళి_గట్టు
నాకు 61 నిండాయి. పోయిన ఏడాది రిటైరయ్యాను. 1984లో యెజ్డీతో మొదలు, తర్వాత ఆర్‌ఎక్స్ 100, ఆ తర్వాత పన్నెండేళ్లు బుల్లెట్, 2006 నుంచి కరిజ్మా. ఆ కరిజ్మాని దసరాకి మేనల్లుడికి ఇచ్చేశాను. అప్పటి నుంచి ఇంటి ముందు బండి లేదు, నాకు నిద్ర పట్టడం లేదు.

నెలకి రెండుసార్లు ఒడిశాలోని మా రాయగడ నుంచి విశాఖపట్నం వెళ్లాలి. మనవరాలు అక్కడే ఉంది. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా వెళ్తాను. ఏడాదికోసారి పెద్ద తిరుగుడు ఒకటి ఉంటుంది. పూరీ, కోణార్క అయిపోయాయి. ఈసారి జగదల్‌పూర్ దాటి చిత్రకోట్ జలపాతం, ఓపిక ఉంటే హంపి. సగం సార్లు మా ఆవిడ వెనక కూర్చుంటుంది.

ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. కుడి మోకాలు కొంచెం అరిగిందన్నారు. రెండు గంటలు దాటితే మణికట్లు లాగుతాయి. కానీ నాకు ముందు ఫెయిరింగు (గాలిని కోసే తొడుగు), గాలి ఆపే అద్దం ఉండి, వంద స్పీడులో ఇంజను హాయిగా పోయే బండే కావాలి. మా అబ్బాయి "కారుంది కదా నాన్నా" అంటాడు. అల్లుడు స్కూటీ కొనుక్కోమంటాడు. కొనాలా వద్దా అని అడగడం లేదు, ఏది కొనాలో చెప్పండి. మనసులో ఉన్నవి కవాసాకీ వాళ్ల నింజా 650, వెర్సిస్ 650, ట్రయంఫ్ టైగర్ స్పోర్ట్ 660, హోండా ఎన్‌ఎక్స్ 500. ఆన్‌రోడ్ 9 లక్షలు దాటకూడదు. ఏది కొన్నా సర్వీసుకి విశాఖో భువనేశ్వరో పోవాల్సిందే.

బరంపురం_హైవే
నింజా 650. ఆలోచించక్కర్లేదు. మూడేళ్లుగా నడుపుతున్నాను. సీటు 790 మిల్లీమీటర్లే, మీ ఎత్తుకి రెండు కాళ్లూ నేలకి ఆనుతాయి. పెట్రోలుతో కలిపి 196 కేజీలు. ఇచ్ఛాపురం దగ్గర టీ తాగి ఎన్‌హెచ్ 16 ఎక్కితే మళ్లీ విశాఖలోనే దిగుతాను.

పర్లాకిమిడి_పాతబండి
టైగర్ 660 ఆన్‌రోడ్‌కి మీ 9 లక్షలు దాటిపోతుంది మాస్టారూ. మూడు సిలిండర్ల ఇంజను, చాలా మంచి బండి. బడ్జెట్ కదిలితేనే దాని సంగతి.

సిమిలిగుడ_స్పానర్
బరంపురం_హైవే గారు చెప్పింది ఆయన రోడ్డుకి సరిపోతుంది. ఎన్‌హెచ్ 16 నాలుగు వరసల రోడ్డు, తిన్నగా పోతుంది. రాయగడాయన తిరిగేది అదొక్కటే కాదు. చిత్రకోట్ వెళ్లాలంటే లక్ష్మీపూర్ ఘాటీ ఎక్కి కోరాపుట్, జయపురం దాటాలి. సాలూరు వైపు నుంచి వస్తే సుంకి ఘాటీ. నేను సుంకి ఘాటీలో వందల సార్లు ఎక్కి దిగాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఘాటీ ఎక్కేటప్పుడు ఏ బండైనా బాగుంటుంది. దిగేటప్పుడు తెలుస్తుంది. ముందుకి వంగి కూర్చునే బండి మీద వాలు దిగుతూ బ్రేకు పట్టిన ప్రతిసారీ ఒళ్లంతా వచ్చి మణికట్ల మీద పడుతుంది. ముందు ఖనిజం లారీ పాకుతూ ఉంటుంది, వెనక బస్సు హారన్ కొడుతూ ఉంటుంది, మీరు అరగంట సేపు క్లచ్, బ్రేకు, క్లచ్, బ్రేకు. ఇప్పటికే మణికట్లు లాగుతున్నాయంటున్నారు. నిటారుగా కూర్చునే వెర్సిస్ గానీ ఎన్‌ఎక్స్ 500 గానీ చూడండి. హ్యాండిల్ వెడల్పుగా ఉంటే మలుపులో తక్కువ బలంతో వంగుతుంది.

బరంపురం_హైవే
నింజా 650ని రేసు బండిలా చెప్పేస్తున్నారు. హ్యాండిల్ మరీ కిందికి ఉండదు, వంగుడు కొద్దిగానే. నేను తప్తపాణి ఘాటీ మీదుగా మోహన దాకా నెలకోసారి వెళ్తాను, ఎప్పుడూ చేతులు పట్టెయ్యలేదు. తొడలతో ట్యాంకుని నొక్కిపట్టుకుంటే బరువు చేతుల మీదికి రాదు.

సిమిలిగుడ_స్పానర్
మీ వయసు?

బరంపురం_హైవే
38.

సిమిలిగుడ_స్పానర్
నాకు 58. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం తమ్ముడూ. తొడలతో ట్యాంకు పట్టమన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. మాస్టారు ఏ బండి కొన్నా అది పాటించాలి.

గుణుపురం_కుర్రాడు
రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఎందుకు చూడరు? అది కూడా 196 కేజీలే, 17 లీటర్ల ట్యాంకు. మా గుణుపురం వైపు రోడ్లకి దాన్ని మించింది లేదు. మెకానిక్ కూడా దగ్గర్లో దొరుకుతాడు.

నాగావళి_గట్టు
బాబూ, హిమాలయన్ మా పక్కింటి కుర్రాడి దగ్గర ఉంది, నడిపాను. మంచి బండే. కానీ నాకు ఒకే సిలిండర్ బండి 100లో గంటల తరబడి పోతుంటే చేతుల్లో వణుకు దిగబడిపోతుంది. బుల్లెట్ మీద పన్నెండేళ్లు ఆ వణుకుని ప్రేమించాను, ఇక చాలు. రెండు సిలిండర్లు ఉండాలి.

మహేంద్రగిరి_1501
నాకు 64. మీ జాబితాలో బండ్లన్నీ మంచివే. వేగం, పవరు అన్నీ సరిపోతాయి. నలభై ఏళ్లు నడిపినవాడికి నడిచే బండితో ఇబ్బంది రాదు. ఆగిన బండితోనే వస్తుంది. నాకు జరిగింది చెప్తాను.

మూడేళ్ల క్రితం డిసెంబరులో, సుంకి దిగువన ఒక టీ కొట్టు. అప్పట్లో నా దగ్గర 240 కేజీల పైచిలుకు బండి ఉండేది, దానికి రెండు సైడు బాక్సులు. పొద్దున ఏడు, మంచు ఇంకా పోలేదు. రోడ్డు దిగి కొట్టు ముందు ఆపాను. ఎడమ కాలు కింద పెట్టాను. కింద మట్టి అనుకున్నాను, అది సన్న కంకర. బూటు మడమ ఒక జానెడు పక్కకి జారింది. అంతే. బండి ఎటు వాలుతుందో తెలుస్తూనే ఉంది. పాతికేళ్ల వయసులో అయితే తొడతో ఒక్క తోపు తోసి నిలబెట్టేసేవాణ్ణి. ఆ రోజు పట్టుకుంటే నడుము పోతుందని ఒంటికి ముందే తెలిసిపోయింది, చేతులు వాటంతటవే వదిలేశాయి. బండి నెమ్మదిగా పడుకుంది. క్లచ్ లీవరు పుటుక్కుమంది. టీ గ్లాసు పట్టుకున్న లారీ డ్రైవరు ఒకాయన గ్లాసు కింద పెట్టి, ఏమీ అనకుండా వచ్చి బాక్సు పట్టుకుని లేపాడు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చాలా బాధపడ్డాను. బండి గీతలు పడినందుకు కాదు. ఆర్నెల్లకి ఆ బండి అమ్మేసి 200 కేజీల లోపుది తీసుకున్నాను. మళ్లీ రోడ్డు మీద ఉన్నాను.

అందుకని షోరూంకి వెళ్తే టెస్ట్ రైడ్ కంటే ముందు ఒక పని చెయ్యండి. ఇంజను ఆపి, సీటు మీద కూర్చుని, కాళ్లతో బండిని వెనక్కి తొయ్యండి. కొద్దిగా ఎత్తున్న చోట కూడా. దిగి, పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని అర్ధచంద్రంలా తిప్పండి. ఊపిరి ఆడకపోతే ఆ బండి వద్దు.

సిమిలిగుడ_స్పానర్
పైన చెప్పింది బంగారం లాంటి మాట. ఒకటి కలుపుతాను. పడిన బండిని ఒక్కళ్లే లేపాల్సి వస్తే ఎదురుగా నిలబడి లాగకండి. గేరులో పెట్టండి, దొర్లకుండా. బండి కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండు బయటికి తీసి ఉంచండి. హ్యాండిల్ నేల వైపుకి పూర్తిగా తిప్పి, మీ వీపు సీటుకి ఆనించి, కూర్చున్నట్టు దిగి, కాళ్లతో వెనక్కి అడుగులేస్తూ లేవండి. నడుము వంచకూడదు. ఎత్తేది తొడలే.

పర్లాకిమిడి_పాతబండి
బరువు సంగతి సరే గానీ, సీటు ఎత్తు కూడా చూడాలి కదా. వెర్సిస్ 650 సీటు 845, బరువు 219. 5.5 ఎత్తుకి మునివేళ్లే ఆనుతాయి. నా సలహా వేరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియార్ 650 తీసుకోండి. సీటు 740, రెండు పాదాలూ నేలకి పరుచుకుంటాయి, రెండు సిలిండర్లు, చేతులకి బరువు ఉండదు. నేను 59లో కొన్నాను. తిత్లీ తుఫాను ఏడాది, 2018లో, చెట్లు పడి ఉన్న రోడ్డు మీద ఎత్తు సీటు బండితో పడిన అవస్థ గుర్తుండే పొట్టి సీటు వైపు వచ్చాను.

మహేంద్రగిరి_1501
అది 241 కేజీలు. నేను వదిలించుకున్న బరువే అది.

పర్లాకిమిడి_పాతబండి
బరువు కిందికి ఉంటుంది గురువుగారూ. పాదం పూర్తిగా ఆనితే 241 కూడా 200లా అనిపిస్తుంది. మునివేళ్ల మీద నిలబడ్డవాడికి 196 కూడా బరువే.

కోరాపుట్_ఫిజియో
మోకాళ్లు, నడుములు చూడటమే నా వృత్తి, రైడింగు నా సరదా. ఇద్దరూ చెప్పింది సగం సగం నిజం.

సూపర్ మీటియార్ లాంటి క్రూజర్‌లో కాళ్లు ముందుకి చాచి కూర్చుంటారు. మోకాలికి సుఖమే. కానీ ఒంటి బరువంతా త్రికం మీద, నడుము అడుగున పడుతుంది. గుంట వస్తే కాళ్ల మీద లేవలేరు, దెబ్బ నేరుగా వెన్నుపూసలకి పోతుంది. ఫుట్‌రెస్టులు మీ కిందే ఉన్న బండి మీద గుంట కనపడగానే పిర్ర రెండంగుళాలు లేపుతారు, దెబ్బ మోకాళ్లు తాగేస్తాయి. మన రోడ్ల మీద నడుము బతికేది ఆ రెండంగుళాల వల్లే. అలాగని ఫుట్‌రెస్టు మరీ వెనక్కి, మరీ పైకి ఉంటే మోకాలు బాగా మడుచుకుపోయి, అరిగిన కీలు గంటలో నొప్పి మొదలుపెడుతుంది. అంచేత మాస్టారికి కావలసింది మధ్యరకం. మోకాలు 90 డిగ్రీల కంటే కాస్త విప్పుకుని ఉండాలి. షోరూంలో పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి, రెండు నిమిషాలకి ఏమీ తెలియదు.

ఇంకా, గంటన్నరకి ఒకసారి తప్పకుండా దిగి నడవండి. బీపీ మాత్రల్లో నీరు తీసే రకం ఉంటే ఎండలో ఒళ్లు త్వరగా ఎండిపోతుంది, ప్రయాణం రోజు సంగతి మీ డాక్టరుని అడగండి. కళ్లు కూడా. శుక్లం మొదలైతే ఎదుటి బండి హెడ్‌లైటు చుట్టూ వెలుగు పగిలినట్టు కనిపిస్తుంది. అలా ఉంటే రాత్రి ప్రయాణం మానెయ్యాలి. కళ్లజోడు ఉంటే ముందు భాగం పైకి లేచే హెల్మెట్ తీసుకోండి, జోడు తియ్యకుండానే పెట్టుకోవచ్చు.

గుణుపురం_కుర్రాడు
రాత్రి ప్రయాణం మానెయ్యమన్నది మా వైపు ఇంకో కారణానికి కూడా. పార్వతీపురం మన్యంలో ఏనుగులు రోడ్ల మీదికి వస్తాయి.

వెనక_సీటు
ఇన్ని పోస్టులు చదివాను. మాస్టారు మొదట్లోనే రాశారు, సగం సార్లు ఆవిడ వెనక ఉంటుందని. ఆవిడ మాట ఒక్కరూ ఎత్తలేదు.

నేను మా వారి వెనక 26 ఏళ్లుగా కూర్చుంటున్నాను. స్పోర్ట్ బండ్లకి వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బ్రేకు వేసినప్పుడల్లా మేము ముందుకి జారి మీ వీపుకి గుద్దుకుంటాం. గంట గడిచాక మా తొడలు వణుకుతుంటాయి, మీకు తెలియదు. సైడు బాక్సులు పెట్టాక ఎక్కడం ఇంకో పరీక్ష. కాలు పైకెత్తి సీటూ బాక్సూ రెండూ దాటించాలి. ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయో అడిగారా? చీర కట్టుకుంటారా, డ్రెస్సా? ఆవిడ ఎక్కలేని బండి కొంటే ఆవిడ బస్సులో వస్తారు, మీరు ఒక్కరే విశాఖ వెళ్తారు. షోరూంకి ఇద్దరూ వెళ్లండి.

కోరాపుట్_ఫిజియో
నేనైనా రాయాల్సింది. వెనక కూర్చున్నవాళ్లకి మోకాలు ఇంకా ఎక్కువ మడుచుకుంటుంది. అక్క చెప్పింది ముందు చూడండి.

బరంపురం_హైవే
ఒప్పుకుంటున్నాను. నింజా వెనక సీటు మీద మా ఆవిడ బరంపురం నుంచి గోపాలపురం సముద్రం దాకా వస్తుంది. అంతకంటే దూరం అంటే రానంటుంది.

నాగావళి_గట్టు
అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆవిడని అడగలేదు, నిజమే. ఇవాళ అడిగాను. "నాలుగు నెలల నుంచి ఆ ఫోన్లో బండ్లు చూస్తున్నారు, నన్నొకసారి కూర్చోబెట్టి చూడొచ్చు కదా" అంది. వచ్చే శనివారం ఇద్దరం రైలులో విశాఖ వెళ్తున్నాం.

సిమిలిగుడ_స్పానర్
వెళ్లేలోపు లెక్కలు చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకి జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మకండి. బండి విశాఖలో కొని రాయగడలో తిప్పుతారు కాబట్టి అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని, రోడ్డు టాక్సు ఇక్కడ కట్టి రాయగడ ఓడీ 18 నంబరు వేయించుకోండి. ఆంధ్రా నంబరు వేయించి తర్వాత మార్చుకుందాం అనుకుంటే రెండు రాష్ట్రాల మధ్య తిరుగుడే.

పర్లాకిమిడి_పాతబండి
లైసెన్సు తేదీ కూడా చూసుకోండి. 55 దాటాక రెన్యువల్ చేస్తే అయిదేళ్లకే ఇస్తారు, డాక్టరు దగ్గర ఫారం 1ఏ (ఆరోగ్య ధ్రువపత్రం) కావాలి. గడువు అయిపోయిన లైసెన్సుతో ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కులు.

జయపురం_ట్విన్
ఆలస్యంగా చూశాను. సర్వీసు దూరం గురించి నా అనుభవం ఒకటి. నా మొదటి పెద్ద బండికి బ్రేకు లీవరు విరిగితే కొత్తది రావడానికి అయిదు వారాలు పట్టింది. బండి వరండాలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. అప్పటి నుంచి కొన్న రోజే క్లచ్ లీవరు, బ్రేకు లీవరు, ఒక క్లచ్ కేబులు, ఒక సెట్టు బ్రేకు ప్యాడ్లు కొని సీటు కింద పెట్టుకుంటాను. టైరు ట్యూబ్‌లెస్ అయితీరాలి. పంక్చరు పడితే చిల్లులో రబ్బరు పురి దూర్చి, చిన్న పంపుతో గాలి కొట్టి పది నిమిషాల్లో బయల్దేరొచ్చు. పుల్లల (స్పోకుల) చక్రం, లోపల ట్యూబు అంటే లక్ష్మీపూర్ అడవిలో చక్రం ఊడదీసేది ఎవరు? మీ జాబితాలో నాలుగింటికీ అల్లాయ్ చక్రాలే, ఆ బెంగ లేదు.

చైను కూడా. అయిదారు వందల కిలోమీటర్లకోసారి నూనె వెయ్యాలి. చాలా పెద్ద బండ్లకి సెంటర్ స్టాండు కంపెనీ నుంచి రాదు. చక్రం తిప్పుకోవడానికి వెనక చక్రాన్ని లేపే స్టాండు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, లేకపోతే గొంతుక్కూర్చుని బండిని జరుపుతూ ఉండాలి. మోకాలికి అదే పెద్ద శిక్ష.

నాగావళి_గట్టు
వెళ్లొచ్చాం. వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీరందరూ చెప్పినవన్నీ చేశాను.

మొదట నింజా 650. దాని మీద కూర్చోగానే నా కరిజ్మా గుర్తొచ్చింది. రెండు పాదాలూ నేల మీద, ఎదురుగా అద్దం, ఇంజను గొంతు. పది నిమిషాలు కూర్చున్నాను. మణికట్లు ఏమీ అనలేదు, కుడి మోకాలు మాత్రం ఏడో నిమిషానికి పిలిచింది. మనసు అక్కడే ఉండిపోయింది, దాచను. తర్వాత మా ఆవిడ ఎక్కబోయింది. ఎడమ కాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి నా భుజం పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించింది. రెండోసారి తుంటి పట్టేసి దిగిపోయింది. "మీ ఒక్కరికే అయితే ఇదే తీసుకోండి, చాలా బాగున్నారు దీని మీద" అంది. ఆ మాటకి నేనే దిగిపోయాను.

వెర్సిస్ మీద మునివేళ్లే ఆనాయి. నడిపితే రాజాలా ఉంది. ఆపాక షోరూం వాలు దగ్గర వెనక్కి తొయ్యబోతే కదల్లేదు. మహేంద్రగిరి గారి టీ కొట్టు కళ్ల ముందు కనిపించింది.

ఎన్‌ఎక్స్ 500 సీటు 830 అని కాగితం మీద చూసి భయపడ్డాను. కూర్చుంటే సీటు ముందు భాగం సన్నగా ఉంది, తొడలు విచ్చుకోవు, అంచేత పాదాల ముందు సగం ఆనింది. వెనక్కి తోశాను, వాలు మీదికి కూడా వచ్చింది. దిగి అర్ధచంద్రం తిప్పాను, ఊపిరి మామూలుగానే ఉంది. క్లచ్ రెండు వేళ్లతో పడుతోంది. తర్వాత ఆవిడ. నా భుజం మీద ఒక చెయ్యి, వెనక రాడ్డు మీద ఒక చెయ్యి, ఎక్కి కూర్చుంది. ఆవిడ కూర్చోగానే బండి ఒక అంగుళం కిందికి దిగి నా మడమలు కూడా దాదాపు నేలని తాకాయి! నేను దిగమన్నాను. మళ్లీ ఎక్కమన్నాను. అలా పదిసార్లు. షోరూం కుర్రాళ్లు పక్కన నిలబడి లెక్క పెట్టారు. పదోసారి కూడా నా కాలు జారలేదు, ఆవిడ తుంటి పట్టలేదు.

47 హార్స్‌పవర్ సరిపోతుందా అని నాకు అనుమానం ఉండేది. ఆవిడని ఎక్కించుకుని భీమిలి రోడ్డు మీద పోయాను. 90, 100 దగ్గర ఇంజను హాయిగా ఉంది, చేతుల్లో వణుకు లేదు. నాకు అంతకంటే వేగంతో పని లేదు. ఇద్దరం కలిసి దాన్నే బుక్ చేశాం. లీవర్లు కూడా ఆ రోజే కొన్నాను.

బరంపురం_హైవే
నింజా కాకపోయినా సంతోషమే మాస్టారూ. ఆ పదిసార్లు ఎక్కించి దించిన పద్ధతి నేనూ మా ఆవిడతో చేస్తాను.

వెనక_సీటు
ఆవిడకి నా నమస్కారం చెప్పండి. చీర గార్డు బండితో పాటే బిగించి ఇస్తారు, సైడు బాక్సు ఫ్రేము పెట్టేటప్పుడు దాన్ని తీసెయ్యనివ్వకండి. వెనక బాక్సుకి వీపు ఆనే మెత్త ఒకటి వేయించండి, హంపి దాకా వస్తుంది ఆవిడ.

గుణుపురం_కుర్రాడు
గుణుపురం మీదుగా వస్తే మా ఇంట్లో భోజనం చేసే వెళ్లాలి.

నాగావళి_గట్టు
వెయ్యి కిలోమీటర్లకి మొదటి సర్వీసు. అప్పటిదాకా విశాఖ రోడ్డే. సర్వీసు అయ్యాక వచ్చే మొదటి ఆదివారం సాలూరు నుంచి సుంకి ఎక్కుతాం. మహేంద్రగిరి గారూ, ఆ టీ కొట్టు ఇంకా ఉందా?

మహేంద్రగిరి_1501
ఉంది. నేనూ వస్తాను, ఏడింటికి అక్కడ ఉంటాను. కొట్టు ముందు కంకర ఇంకా అలాగే ఉంది. కాస్త ముందుకి వస్తే ఎడమ పక్కన సిమెంటు గట్టు ఉంటుంది, అక్కడ ఆపండి. ముందు ఆవిడని దించి, తర్వాత మీరు దిగండి.